ఖాళీగానే ఉన్నావుగా!

"ఏం చేస్తున్నావే అమ్మడూ?"

"చదువుకుంటున్నాను నానమ్మా."

"అయితే ఖాళీగానే ఉన్నావుగా. కాస్త ఈ మోకాళ్లకు మందు రాసిపో."

ఈ మూడు మాటల్లో మీకు తప్పేమైనా కనిపించిందా? కనిపించకపోతే మిమ్మల్ని నిందించను. ఆ ఇంట్లో కూడా ఎవరికీ కనిపించలేదు. అమ్మడు పెన్ను మూసి లేచింది, మందు రాసింది, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. కూర్చుందో లేదో ముందుగది నుంచి తల్లి పిలిచింది.

"ఖాళీ అయ్యావా? ఒక్కసారి ఈ సూదిలో దారం ఎక్కించిపోవే!"

తల్లి ఇంట్లోనే మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. తండ్రి బస్సు డిపోలో టైమ్ కీపరు. ఏ బస్సు ఎప్పుడు కదిలిందో, ఎప్పుడు చేరిందో రాసుకోవడం, ఆలస్యమైతే డ్రైవరును నిలదీయడం ఆయన ఉద్యోగం. అమ్మడు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. భోజనాల బల్లకు ఒక మూల, ఉప్పుడబ్బా పక్కన, ఆమె పుస్తకాలకు చోటు. లోపలి గది తమ్ముడిది. వాడిది బడిలో ఆఖరు ఏడు. ఆ తలుపు మూసి ఉంటే ఇల్లంతా పిల్లిలా నడుస్తుంది. "ష్! తమ్ముడు చదువుకుంటున్నాడు" అని కుక్కరును కూడా కసురుకునేటట్టు ఉంటారు. లోపలి నుంచి సన్నగా గురక వినిపించినా సరే, అది చదువు కిందే జమ.

అమ్మడికి తలుపు లేదు. అందుకే ఆమె చదువు ఎవరికీ చదువులా కనబడదు. కూర్చున్న ఆడపిల్ల ఖాళీగా ఉన్నట్టే లెక్క.

ఆ ఏడు స్టాటిస్టిక్స్ మొదటి పరీక్ష తప్పింది. తప్పినవాళ్లందరినీ కాలేజీవాళ్లు ఒక హాల్లో కూర్చోబెట్టి, సమయపాలన మీద ఉపన్యాసం ఇప్పించారు. టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, "అందరికీ రోజుకు ఉన్నవి ఇరవై నాలుగు గంటలే! గొప్పవాళ్లకు ఇరవై అయిదు లేవు!" అన్నాడు. చప్పట్లు మోగాయి. ముందు మీ పనులన్నీ రాసుకోండి, మిగిలింది ఖాళీ సమయం, అదే మీ నిధి అని కూడా సెలవిచ్చాడు.

అమ్మడు ఆ మాట మనసారా నమ్మింది. పెద్ద కాగితం మీద గళ్లు గీసింది. క్లాసులు, వంట, గిన్నెలు, యూనిఫారాలకు గుండీలు కుట్టడం అన్నీ వరసగా నింపింది. మిగిలిన గళ్లలో ఆయన చెప్పినట్టే ఆకుపచ్చ సిరాతో 'ఖాళీ' అని రాసింది. ఆ ఖాళీల్లో చదువుకోవాలని ఆమె ఉద్దేశం. ఆ ఉద్దేశం మాత్రం కాగితం మీదికి ఎక్కలేదు. పిచ్చిపిల్ల, పొరపాటు అక్కడే చేసింది. పైగా ఆ కాగితాన్ని అందరికీ కనబడేలా ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

తండ్రి చూసి మురిసిపోయాడు. "మా డిపోలో కూడా ఇంత నీటైన బోర్డు లేదు సుమా!" అన్నాడు.

మర్నాడు నానమ్మ మనవడి చేత అది చదివించుకుంది. "మంగళవారం సాయంత్రం ఖాళీయేనట. కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుందిలే" అని తీర్మానించింది. "శుక్రవారం ఖాళీ ఉందిగా, ఆ చొక్కాల కాజాలు పూర్తి చేసెయ్" అంది తల్లి. చల్లటి నీళ్లకని వచ్చిన పైవాటా ఆవిడ ఫ్రిజ్ తెరవబోయి ఆగింది. "గురువారం ఖాళీయేనా? మా పిల్లకు కాస్త లెక్కలు చెబుదూ!" అంది. ఇదివరకు అమ్మడు ఎప్పుడు దొరుకుతుందో తెలియక పిలిచేవాళ్లు. ఇప్పుడు రాసిపెట్టి ఉండడంతో చూసుకుని మరీ పిలవసాగారు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది ఆ పిల్ల పని.

రెండో పరీక్ష కూడా తప్పింది.

స్టాటిస్టిక్స్ మేడం తండ్రిని పిలిపించింది. మూడోది కూడా తప్పితే వార్షిక పరీక్షకు కూర్చోనివ్వరని, ఏడాది పోతుందని చెప్పింది. ఏడాది పోతే అమ్మడి చదువే పోయినట్టు. ఆ ముక్క తండ్రి ముందే తేల్చేశాడు, మానిపించి మిషను ముందు కూర్చోబెడతానని.

"మీ అమ్మాయి మొద్దు కాదండీ. సమయాన్ని వాడుకోవడం తెలియదు, అంతే" అంది మేడం.

"నాకూ అదే అంతుపట్టదు మేడం. దానికి ఇంట్లో పనేముంది? ఎప్పుడు చూసినా ఖాళీగానే కూర్చునుంటుంది."

అమ్మడికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేను ఖాళీగా లేను నాన్నా."

"పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ఏమిటది?"

"మాట్లాడేది నా గురించేగా! నానమ్మకు మందు, అమ్మకు దారం, నీకు టీ, తమ్ముడికి ఇస్త్రీ, పైవాటా పిల్లకు లెక్కలు. ఇవన్నీ ఎవరు చేస్తున్నారు? నేను పుస్తకం తెరిస్తే చాలు, ఇంట్లో అందరికీ పని గుర్తొస్తుంది. నువ్వు టైమ్ కీపరువి కదా, నువ్వే చెప్పు. చెయ్యెత్తిన చోటల్లా ఆపితే బస్సు ఎప్పటికి చేరుతుంది? ఆలస్యమైందని నన్ను నిలదీస్తున్నావు. దారిపొడుగునా చేతులెత్తింది మనవాళ్లే కదా!"

తండ్రి మొహం ఎర్రబడింది. అమ్మడు మేడం వైపు తిరిగింది.

"సమయం సర్దుకో సర్దుకో అంటారు మేడం. ముందు అది నా చేతిలో ఉండాలిగా, సర్దుకోవడానికి?"

స్టాఫ్ రూములో మిగతావాళ్లు తలలెత్తి చూశారు. మేడం కోప్పడుతుందనే అనుకున్నారు. ఆమె కోప్పడలేదు.

"నిజమే. గంటలో పదిసార్లు లేచినవాళ్లు గంట చదివినట్టు కాదు, పదిసార్లు మొదలుపెట్టినట్టు" అంది. "సరే, చదువుకునేటప్పుడు నీ ఫోను ఎక్కడుంటుంది?" అని అడిగింది.

అమ్మడు తల దించుకుంది. అబద్ధమెందుకు? ఇంట్లోవాళ్లు పిలవని కాసేపూ ఆ ఫోను పిలిచేది.

"అదీ సంగతి. సాయంత్రం కొంత సమయం పట్టుకో. ఎవరికీ ఇవ్వకు, ఫోనుకు అసలే ఇవ్వకు. కష్టమైన పాఠం ముందు తియ్. చదివాక పుస్తకం మూసి నీ మాటల్లో రాసి చూసుకో. రానిచోట నా దగ్గరికి రా, చెబుతాను. ఇంట్లో మాత్రం నీ తరఫున నేను నిలబడలేనమ్మా. నువ్వే నిలబడాలి."

కాలేజీ మెట్లు దిగుతూ తండ్రి, "నా పరువు తీశావు" అన్నాడు. అటునుంచి అటే డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఇంటికి రాగానే ఫ్రిజ్ మీది కాగితం పీకింది. ఆకుపచ్చ ఖాళీలన్నీ కొట్టేసి, ఎర్ర సిరాతో 'చదువు. పిలవకండి' అని రాసి మళ్లీ అంటించింది.

"ఏం రాసిందిరా?" అని నానమ్మ మనవడిని అడిగింది.

"పిలవొద్దంట."

"ఎవరినిరా?"

"అక్కని. మనలో ఎవరూ."

"ఔరా! దీని నోరు లేచిందిరోయ్!" అని నానమ్మ బుగ్గలు నొక్కుకుంది.

అమ్మడు ఆవిడ ఒళ్లో ఫోను పెట్టింది. "ఇది నీ దగ్గర ఉంచు నానమ్మా. నేను అడిగినా ఇవ్వకు" అంది. పెత్తనం దొరికితే ఎవరికి చేదు? నానమ్మ ఆ ఫోనును దిండు కింద పెట్టుకుని దానికి కాపలా కూర్చుంది.

ముందుగది నుంచి తల్లి పిలిచింది. "చదువయ్యాక వస్తానమ్మా" అంది అమ్మడు. చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదివింది. అయినా కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

డ్యూటీ దిగి తండ్రి వచ్చాడు. పొద్దుటి కోపం ఇంకా దిగలేదు. మెడలోని విజిల్ తీసి మేకుకు తగిలిస్తూ, "టీ పెట్టు" అన్నాడు.

"చదువుకుంటున్నాను నాన్నా."

"అదే, ఖా..." అన్నాడు. ఎందుకో ఆ మాట పూర్తి చేయలేదు. విసుగ్గా భార్య వైపు తిరిగి, "పోనీ నువ్వన్నా పెట్టు. ఖాళీగానే ఉన్నావుగా!" అన్నాడు.

మిషను ఆగింది.

తల్లి పెదవుల మధ్య పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. "పొద్దున్నుంచి ఈ బట్టలన్నీ ఏ దయ్యం కుట్టిందనుకున్నారు? నేనూ ఖాళీగా లేను" అంది.

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. అమ్మడు తలెత్తి తల్లిని చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లి మాత్రం ఇటు చూడకుండా మిషను తొక్కింది, మునుపటి కన్నా గట్టిగా.

తండ్రి వంటింట్లోకి వెళ్లి డబ్బాలు ఒక్కొక్కటే తీసి చూశాడు. ఆ చప్పుడుకు నిద్ర లేచాడో ఏమో, తమ్ముడు తలుపు తీసుకుని వచ్చాడు.

"పంచదార ఎక్కడుంటుందిరా?"

"తెలీదు నాన్నా. నీకు తెలీదా?"

"పై అరలో, నీలం డబ్బా!" అని నానమ్మ మంచం మీది నుంచే కేకేసింది. "ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో ఉంటున్నది మీరేనట్రా?"

టీ కషాయంలా వచ్చింది. తండ్రి ఒక కప్పు తెచ్చి, పుస్తకానికి తగలకుండా ఉప్పుడబ్బా పక్కన పెట్టాడు. "చల్లారిపోతుంది. తాగి చదువుకో" అన్నాడు. ఆయనకు క్షమాపణ చెప్పడం అంతకన్నా రాదు.

ఆ ఒక్క సాయంత్రంతో ఇల్లు మారిపోయిందని చెబితే మీరు నమ్మరు, నేనూ నమ్మను. పిలుపులు వస్తూనే ఉన్నాయి. అలకలూ దెప్పులూ సాగాయి. నానమ్మ మోకాళ్లకు మందు చదువయ్యాకే పడింది. అమ్మడు రోజూ ఒకే వేళకు కూర్చుంది, కష్టమైనది ముందు పెట్టుకుంది, రానిది మేడంను అడిగింది. మూడో పరీక్షలో మొదటి ర్యాంకేమీ రాలేదు. అది కథల్లో వస్తుంది. పాసైంది. వార్షిక పరీక్షకు హాల్ టికెట్టు చేతికొచ్చింది.

ఆ టికెట్టు వచ్చిన సాయంత్రమే పైవాటా ఆవిడ గుమ్మంలోంచి తొంగిచూసి, "అమ్మాయి ఖాళీయేనా?" అని అడిగింది. గిన్నెలు తుడుస్తున్న తండ్రి వెనక్కి తిరిగాడు.

"లేదండీ. చదువుకుంటోంది."

అయ్యా, అమ్మా, సమయాన్ని సర్దుకోమని పిల్లలకు ఉపన్యాసాలు చెప్పే ముందు, వాళ్ల సమయాన్ని వాళ్ల చేతికి ఇవ్వండి. ఇవ్వకపోతే లాక్కుంటారు. లాక్కోవాలి కూడా.