బొట్టు కింద గీత

ముందు కూత వినిపించింది.

ఓడ కనిపించలేదు.

కొండ అడ్డం. కొండకి అవతల ఎక్కడో, నీళ్ళ మీద, ఇంత పెద్ద గొంతు ఉన్నది ఏదో ఉంది. కూత ఇళ్ళ కప్పుల మీదుగా వచ్చి, కిటికీ రెక్కని వణికించి, చిలకమ్మ చేతిలోని టీ గ్లాసులోకి దిగి, చిన్న చిన్న వలయాలై ఆగిపోయింది.

ఆమె గ్లాసులోకే చూస్తూ ఉండిపోయింది.

గొంతు ఉన్నవన్నీ కనిపించాలని లేదన్నమాట…

ఎనభై ఒకటి ఎండాకాలం. ఎలమంచిలి పక్క పల్లె నుంచి విశాఖపట్నం వచ్చి అది మూడో రోజు. పదో తరగతి పరీక్షలు అయ్యాయి. ఫలితాలు వచ్చేదాకా మేనమామ జగ్గయ్య ఇంట్లో ఉండమని అమ్మ పంపింది. పదిహేనేళ్ళ పిల్ల. ఆ పదిహేనేళ్ళలో పైకి అన్న మాటలన్నీ మూటగడితే చిన్న సంచి నిండదు. మిగతావి డైరీలో ఉన్నాయి.

అది ఐదేళ్ళ కిందటి డైరీ. ఎరువుల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చింది. తేదీలు ఉన్నాయి కానీ వారాలు కలవవు. అచ్చులో శనివారం అని ఉన్నచోట ఆమె శుక్రవారం రాసుకుంటుంది.

"పేరు సూత్తే సిలకమ్మ. నోట్లో మాట నేదు," అని నవ్వేవాడు జగ్గయ్య. "ఒలే, మీ యమ్మ నీకు పేరెట్టేటప్పుడు ఏడుత్తన్నావేటి? నువ్వు అరిసింది ఆ ఒక్క రోజే అయ్యుంటాది!"

ఆమె నవ్వేది. నవ్వు కూడా లోపలికే.

జగ్గయ్యకి అల్లిపురంలో రేడియోలు బాగుచేసే కొట్టు ఉంది. ఆ వారం అతనికి కొట్టు బయట పని పడింది. తీగ పట్టుకోడానికి ఒక చెయ్యి కావాలి. టార్చి పట్టుకోడానికి ఒక చెయ్యి కావాలి. మాట్లాడని చెయ్యి అయితే మరీ మంచిది.

చిలకమ్మని వెంటబెట్టుకు వెళ్ళాడు.

*

పాత ఊళ్ళో, రేవు వైపు దిగే వాలులో, పెద్ద గేటు ఇల్లు. గేటు పక్కన రేకుల షెడ్డు. షెడ్డులో — కారు.

నల్లది. గుండ్రటి కళ్ళు. ముందు చక్రాల మీద ఏనుగు చెవుల్లా వంగిన రేకులు. ముప్ఫై తొమ్మిదిలో ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిందట. లోపల తోలు వాసన, పాత వాన వాసన, ఎవరో ఎప్పుడో కాల్చిన చుట్ట వాసన.

చిలకమ్మ తలుపు మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. బయట అంత ఎండ — ఇది మాత్రం చల్లగా.

కారు భీమశంకరరావుగారిది. అంతకు ముందు వాళ్ళ నాన్నగారిది. ముప్ఫై ఏళ్ళు ఓడలకి దారి చూపించి రేవులోకి తెచ్చిన పైలట్ భీమశంకరరావుగారు. ఇప్పుడు ఉద్యోగం లేదు. సాయంత్రం అయితే భార్య కామేశ్వరిగారిని ఎక్కించుకుని బీచి రోడ్డుకి వెళ్ళడం, కారులోనే కూర్చుని సముద్రాన్ని చూడడం, చీకటి పడేలోగా తిరిగి రావడం.

"ఈయనా మాట్లాడరు. సముద్రం చెప్పిందే చెబుతుంది," అంది కామేశ్వరిగారు జగ్గయ్యతో. "పాట అయినా ఉండాలి కదయ్యా!"

"పాట ఉండొచ్చు," అన్నారు ఆయన. "పెట్టె కనపడకూడదు. మా నాన్న కారుకి ఒక్క కన్నం పడకూడదు. ఒక్క మేకు దిగకూడదు. కళ్ళు మూసుకుని తడిమినా నా చేతికి కొత్తది తగలకూడదు."

ఊళ్ళో ముగ్గురు కారు మెకానిక్కులు ఈ మాట విని దండం పెట్టి వెళ్ళిపోయారు.

జగ్గయ్య ఉండిపోయాడు. "కనపడకుండా పాడించడమే కదా బాబూ మా రేడియోవోళ్ళ పని! నాను సేత్తాను."

టేపురికార్డరు అట్టపెట్టెలో ఉంది. రెండు అరచేతులంత. ఓడలో పనిచేసే పాత స్నేహితుడు ఒకాయన జపాను నుంచి తెచ్చి ఇచ్చాడు. ఆయన కూడా ఉద్యోగం మానేసి సొంత ఊరు వెళ్ళిపోయాడు. ఇలాంటిది ఇంకొకటి కావాలంటే తెచ్చేవాళ్ళు లేరు.

"జాగ్రత్తయ్యా," అన్నారు భీమశంకరరావుగారు. "ఇది పోతే ఇంక ఇంతే."

జగ్గయ్య ఇంజను మీది మూత ఎత్తాడు. మూలన బ్యాటరీ. దాని మీద ఎర్రగా, దళసరిగా, రూపాయి బిళ్ళంత —

బొట్టు.

"అది మాత్రం చెరపకండి," అంది కామేశ్వరిగారు. "మొన్న దసరాకి పెట్టాను. ఆ దసరాకే ఈయన ఆస్పత్రి నుంచి, ఇదిగో, ఈ కారులోనే ఇంటికి వచ్చారు. శుక్రవారం శుక్రవారం దాని మీదే మళ్ళీ పెడుతున్నాను. వచ్చే దసరా దాకా ఉండాలి. మొక్కుకున్నాను."

ఆయన అటు తిరిగి గేటు వైపు చూశారు.

బ్యాటరీకి రెండు కొమ్ములు. అవతలి కొమ్ము లోపలికి, చెయ్యి దూరని చోట. దాని మీద జిడ్డు, మన్ను, లావాటి పట్టీ — ఆ పట్టీ కారు ఒంటికి బిగించి ఉంది. ఇవతలిది చేతికి అందుతుంది.

అందేదానికే బొట్టు పడింది.

*

పాట టేపులో ఎక్కడ ఉంటుంది?

డైరీలో మొదటి ప్రశ్న అదే. గోధుమరంగు రిబ్బను చూసింది. వెలుతురుకి పట్టి చూసింది. ఏమీ లేదు. గీత లేదు, అక్షరం లేదు.

తీగలో కరెంటు నడుస్తుంటే తీగ బరువు పెరుగుతుందా?

పాత తోలుకి పాట వినపడుతుందా?

పగలు షెడ్డులో పని. జగ్గయ్య ముందు సీటు కింద చోటు వెతికాడు. అక్కడ ఒక పాత బోల్టు ఉంది, నలభై ఏళ్ళుగా దేన్నీ పట్టుకోకుండా ఊరికే. దానికే పట్టీ వేసి టేపురికార్డరు బిగించాడు. కన్నం పడలేదు. వెనక సీటు వీపు వెనక రెండు స్పీకర్లు. ముతక బట్ట వాటిని కప్పేసింది. తీగలు జనపనార పట్టా కింద పాకాయి.

చిలకమ్మ టార్చి పట్టింది. తీగ పట్టింది. చూసింది.

"ఏటే అలా సూత్తావు? కళ్ళతో తినీసేలాగున్నావు కారుని!"

మూడో రోజు బ్యాటరీ దగ్గర గుడ్డతో మన్ను తుడుస్తుండగా ఆమె వేలు జారింది. గోరు బొట్టు అంచుకి తగిలింది. పెచ్చు లేచింది.

చెయ్యి వెనక్కి లాక్కుంది.

చుట్టూ చూసింది. ఎవరూ లేరు. పెచ్చుని వేలితో మళ్ళీ అదిమింది. అదిమేటప్పుడు, కింద, సీసంలో — ఏదో తగిలింది. ఉబ్బెత్తుగా.

ఒక గీత.

అడ్డంగా ఒకే ఒక గీత.

బళ్ళో రమణమూర్తి మాస్టారు టార్చి బ్యాటరీ చేతిలో పట్టుకుని చెప్పిన పాఠం గుర్తొచ్చింది. గీత మీద గీత ఉంటే ప్లస్సు. ఒక్క గీతే ఉంటే మైనస్సు.

కానీ మావ అన్నాడే! నిన్ననే అన్నాడు — "ఆ బొట్టు కిందా ఎర్రరంగే ఉంటాది, అది ప్లస్సు. పట్టీ ఒంటికి తగిలించినాది మైనస్సు. ఏ కారైనా అంతే, ఏ లారీయైనా అంతే. మీటరెందుకు, కళ్ళకి కనిపిత్తంటే?"

ఎర్రగా ఉన్నది రంగు కాదు కదా. కుంకుమ కదా.

ఆ రోజు డైరీలో రెండు బొమ్మలు వేసింది. ఒకటి గీత మీద గీత. ఒకటి ఒక్క గీత. పక్కన రాసింది: నేను తడిమింది సగమే. రెండో గీత బొట్టు కిందే ఉందేమో. తుడిస్తే గానీ తెలియదు.

తుడవకూడదు.

మావకి చెప్పాలి.

రెండు మాటలూ పక్కపక్కన చాలాసేపు ఉన్నాయి… ఆమె మూడో మాట రాయలేదు. చెబితే మావ ఏమంటాడు? "పల్లెటూరి గుంటవి, నాకే నేర్పుతావేటి?" అంటాడు. పైగా బొట్టు ఎందుకు గీకావు అంటారు. ఒకవేళ తనదే తప్పయితే?

ఒకవేళ తనది తప్పు కాకపోతే?

*

శుక్రవారం పొద్దున్న అంతా సిద్ధం.

చక్రం కింద నిమ్మకాయ. కారు ముందు కొబ్బరికాయ. పళ్ళెంలో పసుపు, కుంకుమ భరిణె. భీమశంకరరావుగారు స్టీరింగు ముందు కూర్చున్నారు. సీటు కిందకి చెయ్యి పెట్టి మీట ఎక్కడుందో తడిమి, చిన్నపిల్లాడిలా నవ్వారు. కామేశ్వరిగారు క్యాసెట్టు ఇచ్చింది. ఎవరిదో వీణ.

టక్. లోపలికి వెళ్ళింది.

"ఒక్క తీగుండిపోనాది," అన్నాడు జగ్గయ్య. "ఇది కలిపితే సరస్పతే!"

ఎర్ర తీగ అతని చేతిలో. ఎర్ర బొట్టు ఎదురుగా. ఇంక రెండు జానలు.

చిలకమ్మ నోరు తెరిచింది.

"మావా —"

సరిగ్గా అప్పుడు రేవులో ఓడ కూసింది.

పెద్ద కూత. షెడ్డు రేకులు అదిరాయి. ఆమె మాట దాని కింద పడి ఎటు పోయిందో తెలియదు. ఎవరూ వినలేదు.

ఇంక ఒక జాన.

ఆమె అడుగు ముందుకి వేసింది. మావ చేతికీ బొట్టుకీ మధ్య తన చెయ్యి పెట్టింది. ఓణీ చెంగు పట్టుకుని — గట్టిగా — ఒకసారి, రెండుసార్లు —

తుడిచేసింది.

కూత ఆగింది.

ఓణీ చెంగు ఎర్రగా ఉంది.

"అయ్యో!" కామేశ్వరిగారి చేతిలో పళ్ళెం వంగింది. "ఎంత పని చేశావే! మొక్కుకున్నానని చెప్పానా, లేదా? ఆయన కూర్చుని ఉండగా… ఆయన ఎదుటే…"

"ఏటే! బుద్దుందేటే నీకు!" జగ్గయ్య చెయ్యి పైకి లేచింది. "నీ యమ్మకి ఏటి సెప్పాలే నాను!"

చిలకమ్మ వేలు పెట్టి చూపించింది.

సీసం మీద, ఎర్రటి మరకల నడుమ, తెల్లగా —

ఒక్క గీత.

రెండో గీత లేదు.

జగ్గయ్య లేచిన చెయ్యి లేచినట్టే ఉంది. వంగాడు. లోపలి కొమ్ము మీది మన్నుని స్క్రూడ్రైవరుతో గీకాడు. అక్కడ ఉంది. గీత మీద గీత. కారు ఒంటికి పట్టీ వేసిన వైపు.

"ఓలమ్మో," అన్నాడు మెల్లిగా. "దీని ఒల్లంతా ప్లస్సే! టేపు మిసనుకి ఒల్లు మైనస్సు. ఈ తీగ గానీ కలిపుంటే… పొగే. లోపలంతా మాడి మసైపోను."

భీమశంకరరావుగారు కారు దిగి వచ్చారు. ఆ గీత మీద బొటనవేలు పెట్టి రాశారు, చాలాసేపు, దూరాన దీపం ఏ ఓడదో పోల్చుకుంటున్నట్టు.

"నాన్న అనేవారు. ఈ కారు అన్నీ తిరగేసి పుట్టిందిరా అని. దేనికన్నారో ఇవాళ తెలిసింది."

ఆయన చిలకమ్మ వైపు చూశారు. తరవాత భార్య ముఖం చూశారు.

కామేశ్వరిగారు లోపలికి వెళ్ళిపోయింది.

*

పని మళ్ళీ రెండు రోజులు పట్టింది. పాత సైకిలు ట్యూబు కోసి, టేపురికార్డరుకి చొక్కాలా తొడిగాడు జగ్గయ్య, దాని ఒళ్ళు కారు ఒంటికి తగలకుండా. స్పీకర్ల కిందా రబ్బరే. తీగలు మార్చాడు. ఈసారి మీటరు తెచ్చాడు. ముల్లు ఎటు కదిలిందో చిలకమ్మనే చూడమన్నాడు.

"సరిగ్గా సూడవే. నా కళ్ళ మీద నాకు నమ్మకం పోనాది," అన్నాడు. ఆ గీతల సంగతి ఎవరు నేర్పారో అడిగి, "మీ మాస్టారు మంచోడే," అన్నాడు.

మళ్ళీ తీగల మీదకి వంగాడు.

ఆ రెండు రోజులూ కామేశ్వరిగారు షెడ్డు వైపు రాలేదు. మజ్జిగ పంపింది. రెండు గ్లాసులూ పంపింది, రోజూలాగే. చిలకమ్మ తన గ్లాసులోకి చూసింది. కోపం ఉన్న మజ్జిగ వేరేగా ఉంటుందా? రుచి చూసింది. ఉప్పు సరిగ్గా ఉంది. ఏమీ తెలియలేదు.

ఓణీని మూడుసార్లు ఉతికింది. మరక పోలేదు. గులాబీ రంగుకి తిరిగి, అక్కడే ఉండిపోయింది.

ఆదివారం సాయంత్రం తీగ కలిపారు.

పొగ రాలేదు.

ఏమీ రాలేదు… ఒక్క క్షణం.

తరవాత — వీణ.

ఎక్కడి నుంచి? సీటులోంచా, కప్పులోంచా, తలుపులోంచా? తోలులోంచి వచ్చింది. పాత వాన వాసనలోంచి వచ్చింది. కారు నలభై ఏళ్ళుగా దాచుకున్నదేదో ఇప్పుడు చెబుతున్నట్టు వచ్చింది. భీమశంకరరావుగారు కళ్ళు మూసుకుని అంతటా తడిమారు. చేతికి కొత్తది ఏదీ తగల్లేదు.

కామేశ్వరిగారు వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. బానెట్ ఎత్తమంది. చెరిపేసిన చోటు చూసింది. చేతిలో కుంకుమ భరిణె ఉంది. వేలు కుంకుమలో ముంచింది…

పెట్టలేదు.

వేలు తుడుచుకుని వచ్చి వెనక సీటులో కూర్చుంది. చెవి ముతక బట్టకి ఆనించింది.

కారు గేటు దాటింది. వాలులో దిగింది. వెనక అద్దంలోంచి కామేశ్వరిగారు ఒకసారి తిరిగి చూసింది. అద్దం మీద ఆకాశం ఉంది. చూపు ఎలాంటిదో కనిపించలేదు.

"పదవే, పొద్దుపోతంది," అన్నాడు జగ్గయ్య, పనిముట్లు సంచిలో వేసుకుంటూ.

అప్పుడు చూసింది చిలకమ్మ. గేటు స్తంభం మీద కుంకుమ భరిణె.

మూత తీసి ఉంది.

మరిచిపోయారా? కావాలని ఉంచారా? వచ్చే శుక్రవారం బొట్టు ఎక్కడ పెట్టాలి — ఒక్క గీత మీదా, గీత మీద గీత ఉన్నచోటా? ఎవరు పెట్టాలి?

భరిణెని రెండు చేతులా పట్టుకుంది. గాలికి ఎర్రటి పొడి సన్నగా లేచి ఓణీ మీద పడుతోంది, పాత మరక మీదే.

దిగువన మలుపు. మలుపుకి అవతల వీణ.

పాట వినిపిస్తూనే ఉంది.

కారు కనిపించలేదు.