దయాసాగర్ దించిన లీవరు

ఏ సామానైనా సరే, భుజం మీది తువ్వాలుతో ఓసారి తుడవందే దయాసాగర్ బిగించడు. ముప్పై ఏళ్లుగా ఆత్మకూరు చుట్టుపక్కల బోరు మోటార్లు దించుతూ, ఎత్తుతూ నేర్చుకున్న బుద్ధి అది. ఆ రోజు ఆ బుద్ధే కొంప ముంచింది.

బస్టాండు ఎదురుగా కూతురు ఏంజెలిన్ కంప్యూటర్ల షాపు పెట్టింది. ఉదయగిరిలో ఫొటో స్టూడియో నడిపే కోటేశ్వర్ కొత్త కంప్యూటర్ బిగించమని సామాన్లన్నీ తానే కొని తెచ్చి, "ఆడపిల్ల చేతికిస్తా ఉండా, ఏమవుద్దో ఏమో" అని నలుగురిలో అని మరీ వెళ్లాడు. మధ్యాహ్నం బస్సుకి వస్తాడు. ఏంజెలిన్ మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మూత ఎత్తిపెట్టి, ఫోను మోగితే లోపలికి వెళ్లింది. అంతే, పక్కనే కూర్చున్న తండ్రి చెయ్యి ఊరుకుంటుందా! తువ్వాలు కొసతో సాకెట్‌ని ఒక్క తుడుపు తుడిచాడు.

తిరిగొచ్చిన ఏంజెలిన్ కెవ్వుమంది. "నాయనా! ఏం చేసినావు? దాన్ని ముట్టుకోకూడదు!"

భూతద్దం పెట్టి చూపించింది. వెంట్రుకల్లాంటి బంగారు పిన్నులు, వెయ్యికి పైనే, బారులు తీరి ఉన్నాయి. మూలన మూడు పక్కకు ఒరిగాయి. అవి విరిగితే బోర్డు చెత్తకుప్పకే. దయాసాగర్ తువ్వాలు తీసి పక్కన పడేశాడు. బిడ్డ పేరు తన చేత్తోనే పోగొట్టానా దేవుడా అనుకున్నాడు.

ఏంజెలిన్ బోర్డుని వెలుతురులోకి జరిపింది. సూది తీసుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో పిన్నునూ లేపింది. అరగంట పట్టింది. మూడొందల అడుగుల లోతు నుంచి మోటార్లు లాగిన మనిషికి, ఆ సూది అలా పట్టడం తన తరం కాదని అప్పుడు తెలిసింది.

తర్వాత ప్రాసెసర్‌ని గుర్తు చూసి సాకెట్‌లో ఊరికే ఉంచింది. నొక్కలేదు.

"సోల్డరింగ్ లేదా?" అన్నాడు.

"లేదు నాయనా. ఒక్కో పిన్నూ స్ప్రింగే. పైనుంచి అదిమితే అన్నీ ఒక్కసారే కొంచెం వంగి ప్రాసెసర్‌కి తగులుకుంటాయి. అదిమేది ఈ ఇనప మూత. దీని ముక్కు ఈ స్క్రూ తల కింద దూరతాది. పక్కన లీవరు దించితే మూత బిగుసుకుంటాది. నువ్వే దించు."

"నేనా? వద్దమ్మా, ఇంకోటి చెడగొడతా."

"దించు అంటా ఉండానా!"

లీవరు సగం దాకా సులువుగా వచ్చింది. ఆపైన మొరాయించి కరకరమంది. ఆయన చెయ్యి ఆగిపోయింది. "విరగతా ఉండాదే!"

"విరగదు. దాని చప్పుడే అంత. నొక్కు."

నొక్కాడు. లీవరు కొక్కెం కింద దూరి టక్కున నిలిచింది.

ఓరి దీని తస్సాదియ్యా, వేలెడంత కమ్మీ! నాలుగు నట్లు సమంగా బిగించడానికి తాను పూటంతా పడే అవస్థని, ఇది ఒక్క తోపుతో తేల్చేసింది. ఎంత బలం కావాలో అంతే, ఆపైన పోనివ్వదు. బిడ్డ పనిని ఇన్నాళ్లూ స్క్రూడ్రైవర్ తిప్పడమేగా అని తీసిపారేసినందుకు దయాసాగర్‌కి సిగ్గేసింది.

అన్నీ బిగించి ఏంజెలిన్ స్విచ్చి వేసింది. తెర వెలిగింది. అప్పుడు గానీ ఆయన ఊపిరి పీల్చలేదు.

కోటేశ్వర్ వచ్చి చూసి, "ఇబ్బందేం రాలేదు గదా?" అన్నాడు.

ఏంజెలిన్ నోరు తెరిచేలోపే దయాసాగర్ ముందుకొచ్చాడు. "వచ్చింది. మూడు పిన్నులు నేను వంచినా. సూదితో సరిచేసింది నా బిడ్డ. బోర్డు తేడా చేస్తే నన్నడుగు, బిడ్డనొద్దు."

కోటేశ్వర్ తండ్రిని చూశాడు, కూతుర్ని చూశాడు, భూతద్దం పక్కనున్న సూదిని చూశాడు.

"స్టూడియోలో ఇంకో రెండు సిస్టమ్‌లు మూలన పడుండాయి. రేపు తెస్తా ఏంజెలిన్, నువ్వే చూడాల," అన్నాడు. "ఈ అన్నని మాత్రం బయట కూర్చోబెట్టు."

ఆ మాటకి అందరికంటే గట్టిగా నవ్వింది దయాసాగరే.