నాలుగో వార్డు కల్వర్టు

మా వీధిలో ఇళ్ళు రెండే వరసలు. ఒక్కో వరసకి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకటే అరుగు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు అదే పెద్ద సంబరం. మా హరిశ్చంద్రపురంలో ఇంటి చుట్టూ ప్రహరీ, దానికో గేటు, గేటుకో తాళం. ఇక్కడ అరుగు మీద కూచుని లేవకుండానే పక్కింట్లో రెండు పచ్చిమిరపకాయలు అడగొచ్చు, ఎదురింటి టీవీలో సీరియల్ చూడొచ్చు. సముద్రం వైపు నుంచి గాలి తిరిగితే తోటల్లో జీడిపిక్కలు కాల్చే వాసన వీధంతా కమ్ముకుంటుంది. మా ఆయన లోకనాథ్ కాశీబుగ్గలో జీడిపప్పు మిల్లులో పని చేస్తారు. సాయంత్రం బండి దిగగానే జేబులోంచి చిన్న పొట్లం తీసి, మా అత్తయ్య చూడకుండా నా చేతిలో పెడతారు. మిల్లులో అందరికీ పంచే విరిగిన బద్దలే అవి. కాని ఎర్రగా వేగినవి ఏరి తెస్తారు. అత్తయ్య రత్నాలమ్మ అన్నీ చూస్తూనే ఉంటుంది. చూడనట్టు చీపురు వెతుక్కుంటుంది.

వీధి మొదట్లో కూలిపోయిన కల్వర్టు ఒక్కటే ఇక్కడ నాకు పడనిది.

మామయ్య పోలారావుకి మూత్రపిండాలు పాడయ్యాయి. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇది కొత్త మాట కాదు. వారానికి మూడు సార్లు పలాసలో డయాలసిస్. తీసుకెళ్ళడానికి ఆస్పత్రి వ్యాను పెద్దరోడ్డు దాకా వస్తుంది. నిరుడు కొబ్బరికాయల ట్రాక్టరు ఒకటి ఎక్కి కల్వర్టు కూలింది. అప్పటినుంచి వ్యాను లోపలికి రాదు. కాలవ మీద రెండు కొబ్బరి దుంగలు వేశారు. మోటారు సైకిలు వాళ్ళు దిగి, బండిని నడిపించుకుంటూ దాటతారు. మామయ్య కాళ్ళు వాచి ఉంటాయి, దుంగల మీద నడవలేరు. అందుకని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు కాలవలోకి దిగి మోసుకెళ్ళాలి. మా వరస నుంచి మా ఆయన, పక్కింటి చినమామయ్య. ఎదురు వరస నుంచి పాండు, వాళ్ళ అన్న.

ఆ మోత కూడా నాకు మొదట్లో ఊరేగింపులాగే ఉండేది.

"మావా, పల్లకీ లెగిసింది. పెళ్ళికూతురు ఏదీ?" అనేవాడు పాండు.

"ఎనకాల క్యారేజీ అట్టుకోనొత్తంది సూడరా. అరవయ్యేళ్ళ పెళ్ళికూతురు," అనేవారు మామయ్య.

"నాకు అరవయ్యా?" అనేది అత్తయ్య. "ఒరే పాండూ, కుర్చీ ఓపాలి కాలవలో దింపీయరా. మీ మావకి ఒళ్ళు సల్లబడాల."

కల్వర్టు వేయించడానికి పంచాయతీలో తీర్మానం కూడా అయింది. మా వరసలోని వనజ వదిన వార్డు మెంబరు, ఆవిడే పట్టుబట్టి చేయించింది. వీధి మొత్తం నాలుగో వార్డు. రెండు వరసల ఓట్లూ ఎప్పుడూ ఒకే వైపు పడతాయట. అందుకే మా వీధి అడిగితే పంచాయతీలో కాదనేవాళ్ళు లేరు. కొలతలు తీయడానికి మనిషి వచ్చిన రోజు మామయ్య కుర్చీలోంచే అతన్ని ఆపి అడిగారు.

"వేను తిరిగేలాగ ఎయ్యండి బాబూ. వేను గుమ్మం కాడికొత్తే నాను నడిసెక్కీగలను. నన్ను మోసి ఈ కుర్రగుంటల బుజాలు అరిగిపోతన్నాయి."

వానలు తగ్గగానే పని మొదలవుతుందన్నారు. మామయ్య ఆ మాట పట్టుకుని రోజులు గడుపుతున్నారు. పొద్దున్న లేస్తూనే ఆకాశం చూసేవారు.

శ్రావణంలో పంచాయతీ గోడ మీద కాగితం అంటించారు. ఎన్నికల ముందు వార్డుల సరిహద్దులు మారుస్తున్నారట. మా ఆయన ఫోనులో ఫోటో తీసి తెచ్చారు. అరుగు మీద అందరూ మూగితే నేను చదివాను. నాలుగో వార్డు పేరుతో ఇప్పుడు ఊరికి ఆ చివరున్న కొత్త కాలనీ ఉంది. మా వీధిలో తూర్పు వరస, అంటే మేము, మూడో వార్డు. పడమటి వరస అయిదో వార్డు. హద్దు దగ్గర రాసి ఉన్న మాట, వీధి మధ్య సిమెంటు రోడ్డు.

"అంటే పాండు గాడూ నానూ ఏరే ఏరే వార్డులా?" అన్నారు మామయ్య.

"అవును మావయ్యా."

"ఆడి ఇంట్లో సెంబు పడితే నా ఇంట్లో సప్పుడు ఇనబడతాది కదే!"

ఆ సాయంత్రం ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పారు. చినమామయ్య, "ఏ వార్డయితే ఏటి, ఓటు ఓటే కదా," అన్నాడు. పాండు అన్నకి లోపల సంతోషమే. అయిదో వార్డులో వాళ్ళ మేనమామ నిలబడతాడట. ఎదురింటి ముసలమ్మ బొడ్డమ్మ అటు అరుగు మీద నుంచి అరిచింది. "నాకు ఓటెయ్యడానికి ఎక్కడికెల్లాలో సెప్పండ్రా. దూరమైతే నాను రాను. అంతే!" అందరూ నవ్వారు. వనజ వదిన మాత్రం నవ్వలేదు.

"మూడో వార్డంటే తోటలోళ్ళందరూ ఉన్నారు. అయిదో వార్డంటే రోడ్డోళ్ళు. ఆలకి ఆల పనులే సాలు. మనం అటో పిడికెడు, ఇటో పిడికెడు. కల్వట్టు మాట ఎవుడు ఎత్తుతాడు?"

అప్పుడు అందరూ మామయ్య వైపు చూశారు. ఆయన తన కాళ్ళ వైపు చూసుకున్నారు.

పంచాయతీ సెక్రటరీ నారాయణమూర్తి గారిని అడిగితే, ఆయన మర్యాదగానే చెప్పారు. జనాభా సమానంగా ఉండాలి, గీత ఎక్కడో ఒకచోట పడాలి, అభ్యంతరం ఉంటే వారంలోగా రాసివ్వాలి. "కాని ఒకటమ్మా, ఒక్క వరస వాళ్ళు ఇస్తే అది ఆ వరస మాట. రెండు వరసలూ ఇస్తేనే వీధి మాట. రెండు కాగితాలూ వస్తే హద్దు మార్చమని నేనే పైకి రాస్తాను." నేను ఇంటికి వచ్చి అభ్యంతరం రాశాను. డిగ్రీ చదివినందుకు ఈ వీధికి పనికొచ్చానని ఎంత మురిసిపోయానో! అత్తయ్య కాగితం తిప్పి చూసి, "రాత ముత్యాల్లాగున్నాది," అంది. ఆ ఒక్క మాటకి రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేకపోయాను.

మర్నాడు తెల్లవారుతుండగా పాండు తాత పోయాడు. బొడ్డమ్మ భర్త. నిద్రలోనే పోయాడు.

పడమటి వరస మొత్తం బమ్మిడి వాళ్ళే. ఒకే ఇంటిపేరు, అందరూ దాయాదులు. అంటే ఆ వరసంతా మైల. పదకొండో రోజున దినం అయ్యేదాకా ఆ వరస వాళ్ళు మా గడప తొక్కరు, మేము వాళ్ళ చేతి వస్తువు తీసుకోం. తలకి నూనె రాయరు, ఏ కొత్త పనీ మొదలుపెట్టరు. కుర్చీ మోయడానికి కూడా పాండు రాలేదు. జబ్బు మనిషిని మైల చేతులతో ముట్టనని దూరంగా నిలబడి చూశాడు. మా వరస చివరింటి వాళ్ళని బతిమాలి తెచ్చుకున్నాం.

మా వరస సంతకాలు ఒక్క పూటలో అయిపోయాయి, ఆ కాగితం పంచాయతీలో ఇచ్చేశాం. పడమటి వరసకి రాసిన రెండో కాగితం నా చేతిలో అలాగే ఉంది.

"అత్తయ్యా, ఎదుటి వాళ్ళని కూడా అడిగేస్తే?"

"ఏటే, మైలింటికి కాయితం అట్టుకెల్తావా? ముసిలోడి సితి సల్లారనేదు, ఓట్లు కావాలేటని బొడ్డమ్మత్త మొకాన ఉమ్మీదూ?"

"గడువు వారమే కదా."

"సెక్రటరీ బాపనాయన. మైలంటే మనకన్నా ఆయనికే ఎక్కువ తెలుసు. ఆగడేటి?"

మామయ్య కూడా అదే మాట అన్నారు. "నా కల్వట్టు కోసం ఆల సావింట్లో కాయితం జాపుతావా? వద్దు. దినం అవనీ." మా ఆయన ఉండబట్టలేక పాండుకి ఫోన్ చేశారు. ఎదురుగా అరుగు మీద గుండు తల వంచుకుని కూర్చున్న పాండు అక్కడినుంచే ఫోన్ ఎత్తాడు. ఇద్దరూ ఒకరికొకరు కనపడుతూనే మాట్లాడుకున్నారు.

"దినం అయిపోనీ బావా. అందరం తలకి పోసుకోని ఒక్కపాలే ఎట్టీత్తాం. మా పెదనాన్న ఇప్పుడు కలం ముట్టనన్నాడు. నేకపోతే నాకేటి?"

ఎవరి మాటలోనూ తప్పు కనిపించలేదు. వీధి వీధంతా ఇంత మర్యాదగా ఉండటం చూసి నాకు ముచ్చటేసింది కూడా.

దినం అయిన మర్నాడు పడమటి వరస మగవాళ్ళందరూ ఉతికిన బట్టలు కట్టుకుని పంచాయతీకి వెళ్ళారు. కాగితం పట్టుకుని పాండు ముందు నడిచాడు. నేనూ మా ఆయనా చినమామయ్యా వెనక వెళ్ళాం. సెక్రటరీ గారు లేచి నిలబడ్డారు. బొడ్డమ్మ ఎలా ఉందని అడిగారు. తర్వాత చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"గడువు రోజున సాయంత్రం దాకా చూశాను. దినం అయ్యేదాకా ఆపమని పైకి ఫోన్ కూడా చేశాను. తూర్పు వరస నుంచి అభ్యంతరం, పడమటి వరస నుంచి ఏమీ లేదు. ఏమీ లేకపోతే సమ్మతమని రాయాలి. రాశాను. ఖాయమైపోయింది."

"మైల కదండీ," అన్నాడు పాండు పెదనాన్న. "తమకి తెలీదా?"

"నాకు తెలుసయ్యా. పైనున్న కంప్యూటరుకి తెలీదు."

తిరిగి వచ్చేటప్పుడు, కాలవ దగ్గర దుంగలు దాటుతూ పాండు వాళ్ళ అన్న గట్టిగానే అన్నాడు. "మీరొక్కలే ఎందుకిచ్చీసినారు మీ కాయితం? ఇవ్వకపోతే ఏ గొడవా నేకపోను. మా తాత సచ్చినప్పుడు మీకు సంతకాలు కావాల్సొచ్చినాయి."

"మీ మైల కోసం కాదేటిరా మేం ఆగింది?" అన్నాడు చినమామయ్య. "ఆగకుండా మీ గుమ్మంలోకొచ్చి కూకోవాల్సింది!"

"మా మైల అంటే ఎటకారమైపోనాది!"

మా ఆయన ఇద్దరి మధ్యకి వెళ్ళి నిలబడ్డారు. ఆ పూటకి ఆగింది. అయితే ఆ మాట ఇంటింటికీ పాకింది. పడమటి వరసలో, మేము శవం లేవకముందే కాగితాలు పట్టుకుని తిరిగామని. తూర్పు వరసలో, అయిదో వార్డులో మేనమామ గెలవాలని వాళ్ళు కావాలనే ఆలస్యం చేశారని.

వనజ వదిన ఒకరోజు వచ్చి అరుగు మీద కూర్చుంది. మూడో వార్డు పెద్దలని కలిసి వస్తోంది. "కల్వట్టు పడమటి మూలకున్నాదంట. అది అయిదోళ్ళ పనంట," అంది. మా ఆయన పాండు మేనమామ దగ్గరికి వెళ్ళారు. ఆయన టీ ఇప్పించి, భుజం మీద చెయ్యి వేసి చెప్పాడట. "తూర్పోళ్ళ తీర్మానం బాబూ అది. మీ మెంబరే కదా ఎట్టింది. మాకు మా రోడ్డుంది." నాలుగో వార్డు పేరుతో ఉన్న తీర్మానం చెల్లదట. ఆ వార్డు ఇప్పుడు ఇంకో చోట ఉంది, అక్కడ కాలవే లేదు.

ప్రచారం మొదలయ్యాక రెండు అరుగుల మీదా రెండు రంగుల జెండాలు కట్టారు. ఎదురింటి టీవీ కనపడకుండా తడిక వచ్చింది. బొడ్డమ్మ ఒక్కతే దాని పక్కనుంచి నా వైపు తల బయటపెట్టి, "హేమా, తిన్నావేటే?" అనేది. పాండు మాత్రం కుర్చీ మోయడానికి వస్తూనే ఉన్నాడు. పల్లకీ మాట మాట్లాడటం మానేశాడు. తర్వాత ఒక రోజు వాళ్ళ అన్న రాలేదు. ఇంకో రోజు పాండు కూడా రాలేదు. కబురు పెడితే కాశీబుగ్గ వెళ్ళాడన్నారు. అతని చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి.

ఆ శుక్రవారం పొద్దున్న వాన దంచుతోంది. పెద్దరోడ్డు మీద వ్యాను హారన్ వినపడింది. చినమామయ్యకి జ్వరం. చివరింటి వాళ్ళు అక్కుపల్లిలో పెళ్ళికి పోయారు. మా ఆయన వీధిలోకి వెళ్ళి ఎదుటి వరస ముందు నిలబడి ఒకసారి, "పాండూ" అని పిలిచారు. వాన చప్పుడులో వినపడి ఉండకపోవచ్చు. రెండోసారి పిలవలేదు. తిరిగి వచ్చి కుర్చీ ముందు వైపు పట్టుకున్నారు. నేను కొంగు దోపుకుని వెనక పట్టుకున్నాను. అత్తయ్య గొడుగు పట్టింది.

"కొత్తకోడలి సేత మోయిత్తన్నావేట్రా నన్ను," అన్నారు మామయ్య.

"బరువేం లేదు మావయ్యా," అన్నాను. నిజంగా అంత బరువు లేరు. అదే నాకు ఏడుపు తెప్పించింది.

కాలవ దాకా వెళ్ళాం. దుంగ ఒకటి కొట్టుకుపోయింది. దిగగానే నీళ్ళు మా ఆయన నడుం దాకా వచ్చాయి. నా కాలు జారి కుర్చీ ఓ పక్కకి ఒరిగింది. మామయ్య నా గాజుల చేతిని గట్టిగా పట్టుకున్నారు. ఒక గాజు పగిలి ఆయన అరచేతిలో గుచ్చుకుంది. ఆ చెయ్యి చూసుకుని, ఆయన నెమ్మదిగా అన్నారు.

"ఎనక్కి తిప్పరా."

"నాన్నా, ఇంకొంచెం..."

"తిప్పమన్నాను కదరా. ఈ పిల్లని కూడా కాలవలో కలిపీత్తావా?"

వ్యాను డ్రైవరు గట్టున గొడుగు వేసుకుని కాసేపు చూశాడు. అతను ఇంకా ముగ్గురు రోగులని ఎక్కించుకోవాలి. చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

మామయ్యని అరుగు మీద కూర్చోబెట్టి తల తుడిచాం. ఎదుటి తడిక వెనక ఎవరో కదిలారు, మళ్ళీ ఆగిపోయారు. సోమవారానికి ఏదో ఒకటి చేస్తానని, పలాసలో ఆస్పత్రి పక్కన గది చూస్తానని, మనుషులని కూలికి పెడతానని మా ఆయన ఒకదాని మీద ఒకటి చెప్పుకుపోతున్నారు. మామయ్య వింటున్నట్టు లేరు.

"కోడలా, టీ ఎట్టు," అన్నారు. "గ్లాసు నిండా."

ఒంట్లో నీరు చేరితే ప్రమాదమని, రోజుకి ఎంతకి మించి తాగకూడదో డాక్టరు గీత గీసి ఇచ్చిన సీసా అత్తయ్య దగ్గర ఉంటుంది. దాని మీద ఒక్క గుక్క కూడా ఆవిడ ఎక్కువ పోయనివ్వదు. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళి, తనే స్టవ్ వెలిగించి, పెద్ద గ్లాసు కడిగింది.