నన్ను నంది అన్నారు

నేను ఒక నల్లరాయిని, మారేడు కాయంత ఉంటాను. ఆ సోమవారం పొద్దున కర్నూలులోని ఒక వంటింట్లో నా గురించి మొగుడూ పెళ్లాలకు మాటామాటా పెరిగింది.

"నందితో అల్లం దంచుతాండావా? బుద్ధుండాదా నీకు?" అంటూ మద్దిలేటి సారు నన్ను గభాలున లాక్కున్నాడు.

"పన్నెండేండ్లుగా దాంతోనే దంచుతాండా. మొన్నటిదాకా రాయి, ఈ పొద్దు నంది అయ్యెనా?" అంది నాగవేణి. "అట్లయితే నాకు ఇంగో రాయి తెచ్చియ్యండి."

ఆ పూట టీలో అల్లం పడలేదు. ఇద్దరూ మూతులు ముడుచుకునే తాగారు.

మనుషులకు ఇలాంటి అనుమానం రావడంలో నా తప్పూ కొంత ఉంది. తుంగభద్ర అడుగున ఎన్ని వేల ఏళ్లు దొర్లానో నాకే తెలియదు. నీళ్లూ ఇసుకా నా నల్లటి ఒంటిని అరగదీశాయి. నాలో అడ్డంగా ఉన్న తెల్లపొర మాత్రం మొండిది, అంత తొందరగా అరగలేదు. అది మెడ చుట్టూ పట్టెడలా పైకి తేలింది. వీపు మీద ఒక బొడిపె మిగిలిపోయింది. ఏటికైతే ఎద్దును చేద్దామన్న ఆలోచన ఎప్పుడూ లేదు.

ఈ ఇల్లు కట్టేటప్పుడు ఇసుక ట్రాక్టరులో వచ్చాను. జల్లెడ పట్టే మనిషి పక్కకు విసిరితే నా అడుగున పెచ్చు లేచింది. కొన్నాళ్లు సిమెంటు సంచుల మీద పట్టా ఎగరకుండా కాపలా కాశాను. ఆ తర్వాత నాగవేణి, చేతికి బాగా అమరానని, కడిగి లోపలికి తెచ్చుకుంది.

ఆ ముందురోజు ఆదివారం టీకి వచ్చిన లెక్కల మాస్టారు ఉసేనప్ప నన్ను చూసి, "సారూ, ఇది నంది గదప్పా! మూపురం చూడు, మెడపట్టెడ చూడు!" అన్నాడు. అంతే, సారుకు కాలు నిలవలేదు. ఇరవై రెండేళ్లుగా సోషల్ చెబుతున్నా ఆయనను ఏ సభలోనూ ఎవరూ మాట్లాడమనలేదు. ఊళ్లోని చరిత్రాభిమానులకు ఫోన్ చేస్తే, వచ్చే ఆదివారం గ్రంథాలయం హాల్లో అరగంట ఇస్తామన్నారు. 'తుంగభద్ర ఒడిలో పురాతన నంది' అని కరపత్రం కూడా అచ్చయింది.

సారు నాలుగు సాయంత్రాలు కూర్చుని ప్రసంగం రాశాడు. "మూతి నున్నదనం చూస్తే ఆనాటి శిల్పుల సానపనితనం తెలుస్తుంది" అని బిగ్గరగా చదువుతుంటే నాగవేణి తన అరచేయి చూసుకుంది.

మరునాడు మధ్యాహ్నం ఆమె నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అంగట్లో గద్వాల చీర అంచును తిరగేసి చూసినట్టు చూసింది. చాలాసేపు చూసింది. చెబితే మొగుడి ఆదివారం పోతుంది. చెప్పకపోతే హాల్లో ఎవరో ఒకరు నన్ను తిరగేస్తారు.

శుక్రవారం సాయంత్రం నన్ను తడిపి, బోర్లించి ఆయన ముందు పెట్టింది.

"ఇది చూడండి. మనిషి చెక్కింటే పట్టెడ పైపైనే ఉండాల. ఈ పెచ్చు లేచిన కాడ చూడండి, తెల్లగీత లోపలికి పోయింది. అద్దిన అంచు తిరగేస్తే కనపడదు, నేసిన అంచు రెండు పక్కలా కనపడుతుంది. ఇది పుట్టుకతోనే నేసిన అంచు."

"మరి మూతి?" అన్నాడాయన, ఆశ చావక.

"అది నా అల్లం."

ఆయన నన్ను వరండాలోకి తీసుకెళ్లి, కళ్లద్దాలు పెట్టుకుని, ఆ గీత వెంట గోరు పోనిచ్చాడు. ఒక్క ఉలిదెబ్బయినా నాకు తగిలి ఉంటే ఎంత బాగుండేదో అని ఆ క్షణాన నాకే అనిపించింది.

ఇంటర్ చదివే కూతురు చందన పక్కన కూలబడి, "నాయినా, నువ్వు చెప్పకుంటే ఎవురికి తెలుస్తాది?" అంది.

"నాకు తెలిసె గదమ్మా."

రాత్రి జొన్నరొట్టె, గోరుచిక్కుడు కూర. ముగ్గురూ తలలు వంచుకుని తింటున్నారు. నేను అలమరలో ఉన్నాను, నా వైపు ఎవరూ చూడడం లేదు. రెండో రొట్టె వడ్డించబోతే సారు చేయి అడ్డుపెట్టాడు.

"సభ పెట్టేవాళ్లకు ఫోన్ చేసినా" అన్నాడు. "సభ ఆగదు. రాయి వస్తాది. నంది కాదని మొదట్నే చెప్తాం. రాయిని చెక్కింది మనిషా, నీళ్లా, ఎట్ల కనుక్కోవాల... అదీ ఆ పొద్దు విషయం."

"అయితే నీ ప్రసంగం మళ్లీ రాసుకోవాల గదా నాయినా?" అంది చందన.

"నేనెందుకు రాస్తా? కనుక్కున్నది మీయమ్మ, మాట్లాడేదీ మీయమ్మే. నేను రాయి పట్టుకోని పక్కన నిలబడతా."