వరహాలు కట్టిన ముడి

గోనెసంచిలోంచి కొబ్బరిపీచు పిడికెడు పిడికెడు తీసి, చిక్కులు విడదీసి, కాన్వాసు దిండులోకి కూరుతున్నాడు వరహాలు. ఆదివారం, పొద్దున్న ఆరున్నర. జుగ్సలాయిలోని ఆ సందులోకి అప్పటికే ఎద్దుబళ్లు వచ్చి గోదాముల ముందు నిలబడ్డాయి. బళ్లవాళ్లు అరుచుకుంటున్నారు. గుమ్మంలో కూర్చున్న ఈ మనిషికి యాభై రెండేళ్లు. పొట్టివాడు, భుజాలు మాత్రం గుమ్మానికి సరిపోయేంత వెడల్పు. ముప్ఫై ఏళ్లుగా ఇనపతీగె తాళ్లు లాగిన అరచేతులు పాతచెప్పు అడుగుల్లా గట్టిపడ్డాయి. వారంలో ఆరురోజులు ఉక్కు కర్మాగారంలో ఖలాసీ. అంటే క్రేను ఎత్తే బరువులకి తాళ్లు బిగించేవాడు. ఏడోరోజు నీలకంఠంగారి పడవ పని.

జోగమ్మ టీ గ్లాసు తెచ్చి గట్టు మీద ఠక్కున పెట్టింది.

"ఏటి మావా, ఇంట్లో నీకు సరైన తలగడ నేదు గానీ ఆ బాబు నడుముకి పరుపు కుడతన్నావా?"

"ఇదే ఆఖరే. ఇయ్యాల పడవ నాకిచ్చేత్తానన్నారు. ఒక్క సుట్టు, నేనొక్కడినే."

"మూడేళ్ల బట్టీ ఇదే ఆఖరు."

"ఈసారి నిజం. బాబుకి బదిలీ అయిపోనాది, రేపు పడవని లారీ ఎక్కించి దుర్గాపూర్ అట్టుకెల్లిపోతారు. ఇయ్యాల కాకపోతే ఇంకెప్పుడూ నేదు."

లోపల జడ వేసుకుంటున్న కూతురు పద్మకుమారి, "జానే దో నా, అమ్మా," అంది, వెళ్లనియ్యమని హిందీలో. జోగమ్మ విసురుగా లోపలికి వెళ్లింది గానీ, రెండు రొట్టెలూ ఉల్లిపాయా గుడ్డలో కట్టి తెచ్చి సైకిలు హాండిలుకి తగిలించింది.

అతని కోరిక పెద్దదేమీ కాదు. చుక్కాని పట్టుకోవాలి. పడవలో ఇంకెవరూ ఉండకూడదు. భీమిలికి ఇవతల సముద్రం ఒడ్డున ఒక పల్లెలో పుట్టాడు. పదకొండో ఏటికే నాన్న చుక్కాని అతని చేతికిచ్చి తను పడుకునేవాడు. ఇరవై రెండో ఏట ఈ ఊరు వచ్చాడు, రెండేళ్లు పనిచేసి సొంత పడవ కట్టించుకుని తిరిగి పోదామని. ఆ రెండేళ్లూ ఎటు పోయాయో! తమ్ముడిని పిలిపించి పనిలో పెట్టాల్సి వచ్చింది. తరవాత పెళ్లి. తరవాత ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోవడం, జోగమ్మ మంచం పట్టడం. తరవాత పద్మ, పద్మ బడి. ఊళ్లో నాన్న పోయాడు, ఆయన పడవ ఇసుకలో పుచ్చిపోయింది. అయినా ఇంకో ఏడాది, ఇంకో ఏడాది అనుకుంటూ ఇక్కడే ఉన్నాడు. ఎవరూ కట్టెయ్యలేదు. కదలడం మాత్రం ఎప్పుడూ కుదరలేదు.

దిండు మూతి కుట్టేసి, సైకిలు వెనక కట్టి, సంచిలో ప్లయరూ సన్నతీగె చుట్టా పడేసుకుని బయల్దేరాడు. సాక్చీ దాటి, మాంగో దగ్గర వంతెన మీద సువర్ణరేఖ దాటి, ఎర్రమట్టి రోడ్డు మీద డిమ్నా చెరువు చేరేసరికి తొమ్మిది దాటింది. చైత్రమాసం ఎండ. చెరువు వెనక దాల్మా కొండ ఎండిన గడ్డితో తుప్పురంగులో ఉంది.

నీలకంఠంగారు ఇంజనీరు, రాజమండ్రివైపు మనిషి. మంచివాడే, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే నడుంనొప్పి, పైగా పడవల మీద వచ్చే ఇంగ్లీషు పత్రికలు చదువుతాడు. పడవ పొడవు పన్నెండు అడుగులు. అందులో మూడేళ్లుగా ఎన్ని సుఖాలు చేయించాడో! ముందు వీపు ఆన్చుకోవడానికి ఏటవాలు చెక్క. తరవాత లేవకుండానే లాగేందుకు వీలుగా తాళ్లన్నీ చేతిదగ్గరికి రావాలన్నాడు. తెరచాప, కొయ్యని నిలబెట్టే తీగెలకి రాసుకుని చిరుగుతోందంటే వరహాలు పాతతాడు పీచు తీసి తీగెలకి కుచ్చుల్లా చుట్టాడు. తలమీద నీడకి గుడ్డ, సిగరెట్లు తడవకుండా డబ్బా, కాళ్లు జారకుండా అడుగున చీలికచెక్కలు. పడవ కాస్తా బంగళా వరండా అయిపోయింది. ఇన్నీ చేసిన మనిషి మాత్రం ఎప్పుడూ ముందువైపే, బరువు సరిపెట్టడానికి బస్తాలాగా కూర్చునేవాడు. ఈ పని అవ్వగానే నీకిస్తానయ్యా అనేవాడు ఆయన. ఈలోపు ఇంకో పని పుట్టేది.

"భేష్, వరహాలూ!" కొత్త దిండు మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూసుకున్నాడు నీలకంఠం. "ఇంక ఒక్కటే మిగిలింది."

వరహాలు సంచీ కింద పెట్టాడు. "ఏటి బాబూ?"

"తెరచాప ఎత్తే తాడు. గంటకోసారి జారిపోతోంది, నేను లేచి బిగించాలి. ఇక జారకూడదు. అదొక్కటీ చూడు. మధ్యాహ్నం నేను భోంచేసి పడుకుంటాను, పడవ నీది. నాలుగింటికి వచ్చెయ్యి, చాలు."

"ఎంతసేపు బాబూ, సిటికెలో అయిపోద్ది."

తెరచాపని కొయ్య చివరిదాకా ఎత్తాడు. తాడు కొసని కొయ్య మొదట్లో ఉన్న ఇనపకడియానికి షాకిల్ అనే ఇనపలంకె వేసి తగిలించాడు. లంకె మేకు బిగించి, అది తిరక్కుండా సన్నతీగె చుట్టి, ప్లయరుతో అయిదు మెలికలు తిప్పి, కొస కత్తిరించాడు. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. పనిలో చేరిన కొత్తలో మేస్త్రి ధర్మరాజు అతని వీపు మీద చరిచి నేర్పిన పద్ధతి అది. చేత్తో ఊడే ముడి కింద మనిషి నిలబడకూడదు. తీగె వెయ్యని మేకుని నమ్మకూడదు. ముప్ఫై ఏళ్లలో వరహాలు బిగించిన బరువు ఒక్కటి జారలేదు. ఆ మాట కర్మాగారంలో ఎవరినడిగినా చెబుతారు.

నాన్న నేర్పింది వేరు. తెరచాప తాడుని ఎప్పుడూ ఒక్క లాగుకి ఊడేట్టు కట్టాలి, నిద్రలో లాగినా ఊడాలి. తప్పు ముడి వేసిన ప్రతిసారీ తడితాడుతో పిక్కమీద ఒక్కటిచ్చేవాడు. అది వరహాలు మరిచిపోలేదు. చేతులు మరిచిపోయాయి.

నీలకంఠం వచ్చి తాడు లాగి చూసి, "ఏనుగు లాగినా రాదయ్యా!" అన్నాడు. వరహాలు పొంగిపోయాడు.

మధ్యాహ్నందాకా ఆయన పడవ నడిపితే ఎప్పట్లాగే ముందువైపు కూర్చున్నాడు. రెండింటికి ఆయన సాలచెట్ల కింద భోంచేసి మడతమంచం మీద వాలాడు. వరహాలు రొట్టెలు తినలేదు. చొక్కా విప్పి, సంచీ ప్లయరూ రేవు మెట్టు మీద పెట్టి, పడవని నీళ్లలోకి తోశాడు. ఎక్కగానే ఆ దిండు తీసి ముందుకి గిరాటేశాడు. ఏటవాలు చెక్కకి వీపు ఆన్చలేదు. బల్ల మీద గొంతుకూర్చుని చుక్కాని పట్టుకున్నాడు.

గాలి వచ్చి తెరచాప నిండింది. చుక్కాని కింద నీళ్లు గలగలమన్నాయి. ఆ చప్పుడు ముప్ఫై ఏళ్లుగా కలలోనే విన్నాడు. కళ్లనీళ్లు వచ్చేశాయి. ఎవరున్నారని సిగ్గుపడాలి? "అయ్యా, సూడు, నేనే తోలతన్నాను!" అని గట్టిగా అరిచాడు, చచ్చిపోయిన నాన్నకి వినపడేట్టు. కొండవైపు పోనిచ్చాడు, తిప్పాడు, మళ్లీ పోనిచ్చాడు. ఊరు కనిపించలేదు, పొగగొట్టాలు కనిపించలేదు. ఈ రెండు గంటలూ తనని ఆపేది ఏదీ లేదు. ఆ సంతోషంలో నాలుగైనా పట్టించుకోలేదు.

గాలి ఒక్కసారి ఆగిపోయింది. నీళ్లు నూనెలా అయిపోయాయి. తలెత్తి చూస్తే దాల్మా వెనకనుంచి నల్లగా మబ్బు లేస్తోంది. ఈ వైపు చైత్రంలో వచ్చే గాలివాన అది. అతనేమీ కంగారు పడలేదు. సముద్రం మీద ఇలాంటివి ఎన్ని చూశాడు! తెరచాప దించేస్తే సరి. చేతిలో ఉన్న, తెరచాప తిప్పే తాడు వదిలేసి, ముందుకి పాకి, తెరచాప ఎత్తిన తాడు పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

రాలేదు.

మళ్లీ లాగాడు. అప్పుడు చూశాడు తీగెని. తనే తిప్పిన అయిదు మెలికలు, ఒకదాని పక్కన ఒకటి, చక్కగా.

"ఓలమ్మో," అన్నాడు మెల్లిగా. తల తిప్పి రేవువైపు చూశాడు. ప్లయరు పెట్టిన మెట్టు చాలా దూరంలో ఉంది. గోళ్లతో తీగె కొస పట్టుకున్నాడు.

గాలిచప్పుడుకి నిద్రలేచి రేవుకి పరిగెత్తిన నీలకంఠానికి ఇంతే కనిపించింది. తెల్ల తెరచాప ఒకసారి అటు కొట్టుకుంది, ఒకసారి ఇటు, తరవాత నీళ్లమీద పడుకుంది. "వరహాలూ! దించెయ్, దించెయ్!" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. వాన తెర పడి చెరువు కనిపించకుండా పోయింది.

వాన వెలిశాక ఊరివాళ్లు దోనె వేసుకుని వెళ్లారు. తిరగబడేటప్పుడు అడ్డకొయ్య తలకి తగిలినట్టుంది, తెరచాప కింద దొరికాడు. దిండు పక్కనే తేలుతోంది. వేళ్లు నెత్తురోడి ఉన్నాయి. అయిదు మెలికల్లో రెండు విప్పాడు.

కబురు తెలిసి జోగమ్మ వచ్చేసరికి లాంతర్లు పెట్టారు. ఆమె మొదట ఏడవలేదు. తడిసిన చొక్కా ఎత్తుకుని, హాండిలుకి రొట్టెల మూట అలాగే వేలాడుతుంటే చూసి, "తినకుండా ఎల్లిపోనావా మావా," అంది. అప్పుడు కూలబడిపోయింది. నీలకంఠం దూరంగా నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. "నేనే, నేనే జారకూడదన్నానమ్మా," అన్నాడు. ఆమె వినలేదు.

మర్నాడు లారీ వచ్చింది. తడిసిన తెరచాప ఎంత లాగినా కొయ్యనుంచి దిగలేదు. లారీవాళ్లలో ఒకడు మెట్టు మీద ప్లయరు చూశాడు. దాంతో మిగిలిన మూడు మెలికలూ విప్పాడు, అర నిమిషం పట్టలేదు. పడవ ఎక్కించుకుని పోతూ, ఎవరిదో తెలియక, ప్లయరుని మళ్లీ ఆ మెట్టు మీదే పెట్టి వెళ్లిపోయాడు.