నలభై మాటల ఫలకం

రోడ్ల శాఖలో చరిత్ర ఫలకాలు రాసే ఉద్యోగం నాది. దారి పక్కన ఇనుప స్తంభానికి బిగించిన పలక మీద, ఇక్కడ ఫలానా సంవత్సరం ఫలానాది జరిగింది అని ఉంటుందే, అది. ఒక్కో ఫలకం నలభై మాటలు మించకూడదు. రాసిన ప్రతి మాటకూ ఏదో ఒక పాత కాగితాన్ని ఆధారంగా చూపించాలి. నాన్నకు అక్షరమ్ముక్క రాదు; మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ఆ నియమాలన్నీ ఎక్కాల్లా అప్పజెప్పగలను.

కొండమలుపు ఫలకం నా చేతికొచ్చిందని తెలిసి నాన్న ఎంత సంబరపడ్డాడో! నలభై రెండేళ్ళ కిందట ఆ కొండను తొలిచి రోడ్డు వేసిన కూలీల్లో ఆయనా ఉన్నాడు.

"నన్నడుగు తల్లీ, ఒక్కో రాయి గురించీ చెప్తాను," అన్నాడు, నేను కాగితాలు ముందేసుకుని కూర్చున్న రోజు.

"కబుర్లు కాదు నాన్నా, కాగితం కావాలి," అన్నాను. తల కూడా ఎత్తలేదు.

"సరేలే, నీకు తెలుసుగా," అని లేచి వెళ్ళి పంపు కింద బిందె పెట్టాడు.

అప్పటి ఇంజనీరు పంపిన నివేదిక దొరికింది. పొడవు, వెడల్పు, పట్టిన నెలలు, అన్నీ ఉన్నాయి. రాస్తే ముప్పై ఆరు మాటలే వచ్చాయి. మిగిలిన చోటు ఖాళీగా వదలడం ఇష్టం లేక నివేదిక చివర్నుంచి ఒక ముక్క తెచ్చి అతికించాను: "ఒక్క ప్రాణం కూడా పోలేదు." సూపరింటెండెంటు గారు చదివి, "ఆ చివరి ముక్కతో నిండుగా వచ్చిందమ్మా," అన్నారు. ఆ మెప్పు వారం రోజులు తలకెక్కించుకుని తిరిగాను.

నాన్నకు ఒక అక్క ఉండేది. నేను పుట్టకముందే పోయింది. "పనిలో పోయింది" అనేవారు ఇంట్లో. ఏ పనిలో, ఎలా అని నేనెప్పుడూ అడగలేదు.

ఫలకం నిలబెట్టిన మూడో రోజు నాన్న ఉతికిన చొక్కా వేసుకుని నన్ను బస్సెక్కించాడు. మలుపు దగ్గర స్టాపు లేదు.

"కాస్త ఆపు బాబూ, మా అమ్మాయి రాసిన బోర్డుంది ఇక్కడ."

"బోర్డు రాసింది సరే పెద్దాయనా, బస్సు కూడా మీ పేర రాసిందా?" అన్నాడు కండక్టరు. అంటూనే ఈల వేశాడు.

దిగాక నాన్న ఫలకం వైపు వెళ్ళలేదు. రోడ్డు దాటి, కొండ కోసిన గోడకు చెయ్యి ఆనించాడు.

"ఇక్కడే తల్లీ. పొద్దున్నే పేల్చారు. రాళ్ళు కుదురుకోకముందే తట్టలు పట్టుకుని పొమ్మన్నాడు మేస్త్రీ. పైనుంచి మళ్ళీ జారింది. మా అక్కతో కలిపి ఐదుగురు. నేను నీళ్ళకెళ్ళాను కాబట్టి మిగిలాను."

నేను ఫలకం వైపు తిరిగాను.

"ఇప్పుడు చదువు," అని ఫలకం ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ముప్పై ఆరు మాటలు ఉన్నవి ఉన్నట్టే చదివాను. ఆ తర్వాత లేనిది చదివాను: "ఈ పనిలో ఐదుగురు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు."

"ఏదీ, ఎక్కడుంది ఆ మాట? చూపించు."

ఆయన చూపుడు వేలు పట్టుకుని చివరి వరుస మీద పెట్టాను. ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఉబ్బెత్తు అక్షరాలు. ఆ చివర నుంచి ఈ చివరికి మెల్లగా తడిమాడు, రెండుసార్లు. చొక్కా అంచుతో దుమ్ము తుడిచాడు.

"చూశావా అక్కా, మన పిల్ల రాసింది," అన్నాడు గోడ వైపు తిరిగి.

ఆ సాయంత్రమే మిగతా నలుగురి ఇళ్ళకూ కబురు పంపాడు. ఆదివారం అందరూ కలిసి చూడటానికి వెళ్ళాలట. వాళ్ళ మనవలకు చదువొచ్చు. నాకు మొదట కలిగింది పశ్చాత్తాపం కాదు, దొరికిపోతానన్న భయం. ఉన్నమాట చెప్తున్నాను.

మర్నాడు ఆఫీసులో చెప్పేశాను. సూపరింటెండెంటు గారు నివేదిక తిరగేశారు.

"శాఖ మనుషులెవరూ పోలేదమ్మా, అందుకే అలా రాశారు. కాంట్రాక్టరు తెచ్చుకున్న కూలీలు మన మస్టరులో, అదే హాజరు పట్టీలో, ఉండరు. మస్టరులో లేనివాళ్ళు పోయినా పోయినట్టు కాదు." అని, కాస్త ఇబ్బందిగా కళ్ళద్దాలు తీశారు. "ఫలకం దింపించాలంటే కళ్ళారా చూసినవాళ్ళ వాంగ్మూలం కావాలి. తప్పు ఎవరు చేశారో, ఎలా జరిగిందో కూడా అందులోనే రాయాలి. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆలోచించుకో."

చదువు రాని సాక్షికి వాంగ్మూలం చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. అదీ నియమమే. శనివారం పొద్దున నాన్న ముందు కూర్చుని చదివాను. పేలుడు, జారిన రాళ్ళు, ఐదుగురు. ఆ కింద నా ముక్క: "సాక్షి నా తండ్రి. చెప్తానంటే నేను వినలేదు. ఒక్క ప్రాణం కూడా పోలేదని రాసింది నేనే. ఫలకం దగ్గర ఆయనకు అబద్ధం చదివి వినిపించాను."

నాన్న తన చూపుడు వేలు వైపు చూసుకున్నాడు.

"అయితే నా వేలు దేని మీద పెట్టావు?"

"దాని మీదే నాన్నా."

ఇంకుప్యాడు మూత తీశాను. ఆయన వేలు పెట్టలేదు. నా చేతిలోంచి కాగితం తీసుకుని చెప్పులేసుకున్నాడు. వెనకే వెళ్ళాను. పక్క వాటాలోని టైలరమ్మ ముందు ఆ కాగితం పెట్టాడు.

"ఇది కాస్త చదివి పెట్టమ్మా."

"బాగుంది బాబాయ్! ఆఫీసరమ్మ పక్కనే ఉండగా, గుండీలు కుట్టుకునేదాన్ని నన్నడుగుతావేం?"

"నువ్వు చదువు."

ఆమె నవ్వు ఆపి, మిషను ఆపి, వరుస వరుసకీ వేలు పెట్టుకుంటూ చదివింది. కొలతలివ్వడానికొచ్చిన ఇద్దరాడవాళ్ళు వింటున్నారు. నా ముక్క దగ్గరికొచ్చేసరికి ఆమె గొంతు తగ్గింది.

"కొంచెం గట్టిగా," అన్నాడు నాన్న.

గట్టిగా చదివింది. నా వైపు చూడలేదు.

"అంతేనా? ఇంకేమీ లేదుగా?"

"అంతే బాబాయ్."

అప్పుడు ఇంకుప్యాడు కోసం నా వైపు చెయ్యి చాపాడు. బొటనవేలు నొక్కి, ముద్ర ఆరేదాకా కాగితం తనే పట్టుకుని నిలబడ్డాడు.

"రేపటి ప్రయాణం..." అన్నాను.

"నలుగురి ఇళ్ళకీ వెళ్ళి నువ్వే చెప్పు. ఇవాళే చెప్పు."

మొదటి ఇల్లు ఎటో కూడా నాకు తెలియదు. ఆయన్నే అడిగాను.