బాయికి బడి మాట

ఆ రోజు ఇంట్లో ఆరుగురు ఉన్నారు. మొదటి షిఫ్టు దిగి వచ్చి, ఒళ్లు కడుక్కోవడానికి రెండు చెంబుల నీళ్లే దొరికినందున మెడ మీద బొగ్గు మరక అట్లాగే మిగిలిపోయిన ఆగయ్య. వాకిట్లో ఖాళీ బిందె బోర్లించి దాని పక్కనే కూలబడ్డ అతని భార్య సారవ్వ. చూపు మసకబారి, గొంతును బట్టి మనుషులను ఆనవాలు పట్టే ఆగయ్య తల్లి లింగవ్వ. ఆ వారం మూడో షిఫ్టు పడి, పగటి నిద్ర చాలక గోడకు ఒరిగి ఆవులిస్తున్న ఆగయ్య అన్న పోశం. పరాయి ఇల్లు కనుక నులక మంచానికి ఒక కొసన మాత్రమే కూర్చున్న ఇటుకబట్టీ యజమాని దయాసాగర్. ఆరో మనిషి ఆగయ్య కూతురు కనకవ్వ. ఆమె తలుపు చాటున నిలబడి ఉంది. తనను ఎవరూ లెక్కలో పెట్టుకోకపోతేనే ఆమెకు హాయి.

అది డెబ్బై మూడో సంవత్సరం ఎండాకాలం. అంతకుముందు ఏడాది వాన మొహం చాటేసింది. గోదావరిఖనికి దగ్గరలోనే ఉన్నా ఆ ఊరికి నల్లా లేదు, ఉన్న రెండు బావులూ అడుగంటాయి. చేంతాడు ఎంత వదిలినా బొక్కెనలో బురదే వచ్చేది. సారవ్వ కోడి కూయక ముందే కూతురిని లేపుకుని గోదావరి ఇసుకలో గుంట తీసి చెలిమ నీళ్లు తోడుకోవడానికి పోయేది. రెండు కోసుల నడక. రెండు బిందెలు నిండి ఇల్లు చేరేసరికి పొద్దు నెత్తికెక్కేది. ఏడో తరగతి తర్వాత కనకవ్వ ఖనిలోని పెద్ద బడికి ఎందుకు పోలేదని ఎవరైనా అడిగితే, ఆ బిందెను చూపిస్తే చాలు.

అన్నదమ్ములకు ఊరి పక్కన ఇంకా పంచుకోని పొలం మూడెకరాలు ఉంది. పోయిన వానకాలం వేసిన గింజ మట్టిలోనే మాడిపోయింది. దయాసాగర్ ఆ పొలం కోసమే వచ్చాడు.

అతను కూడా ఒకప్పుడు బాయిలో పనిచేసినవాడే. ఆ చుట్టుపక్కల బొగ్గుగనిని బాయి అంటారు, నీళ్లు తోడుకునే బావినీ బాయే అంటారు. ఏ మాట ఏ బాయి గురించో వినేవాళ్లకు తెలిసిపోతుంది. పదకొండేళ్లు పనిచేసి, ఊపిరి అందక నౌకరీ మానేసి, దయాసాగర్ ఇటుకబట్టీ పెట్టుకున్నాడు. రామగుండంలో కట్టడాలు, ఖనిలో క్వార్టర్లు లేస్తున్నాయి. ఎంత ఇటుక చేసినా చాలడం లేదు.

"రాజం బట్టీ చూసిండ్రు గదా," అన్నాడు దయాసాగర్. "పొలం మీద పడి నిలువెత్తు తవ్వుకపోయిండు. ఆ గుంటల ఇప్పుడు తుమ్మ దప్ప ఏం మొలుస్తలేదు. నేను గట్ల చెయ్య. ముందుగాల జానెడు పైమట్టి తీసి గట్టు పొంటి కుప్ప పోస్త. దాని కింది జిగట మన్ను మూడడుగులు తీసుకుంట. అయినంక ఆ కుప్ప మళ్ల పరుస్త. మూడేండ్లకు మీ పొలం మీ చేతికొస్తది."

పోశం ఆవులింత మధ్యలో ఆపాడు. "పుణ్యం మూట గట్టుకుంటానికి మా పొలమే దొరికిందా సేటూ?"

"పుణ్యం కాదు పోశమన్న, యాపారం. ఏడాదికో ఊరు పాడు చేసుకుంట పోతె, పదేండ్లకు నాకు మన్ను యాడ దొరకాలె? పనికి మనుషులు యాడికెళ్లి రావాలె? పొలం పోయినోడు ఊరే ఇడిసి పోతడు."

"మరి బట్టీ కాలుస్తానికి? ఆ మిగిలిన నాలుగు చెట్లు గూడ కొడ్తవా?"

"కట్టెలు వద్దే వద్దు. బొగ్గు పొడి కొనుక్కొస్త. అడివి కొట్టి కొట్టి, పుల్ల తెచ్చుకోవాలంటెనే మీ ఆడోల్లకు ఒక పూట పడుతున్నది."

సారవ్వ తల ఎత్తింది. "ఇటుకకు నీళ్లు గావాలె గదన్నా. మాకు తాగుతానికే లేవు."

"అదే చెప్పొస్తున్న చెల్లె. అన్నిటికంటె ముందు పొలం మూలకు బాయి తవ్విస్త. మన్ను కూలకుంట నా ఇటుకలతోనే ఒర కట్టిస్త. పొద్దుగాల ఊరోల్లు తోడుకోండ్రి, పగటిపూట నా బట్టీకి. నేను పోయినంక బాయి మీదే. నువ్వు గూడ పనికొస్తనంటె రా, వానకాలం తప్ప ఏడాదంత పనే."

"నీళ్లు పడకపోతె?"

"పడేదాంక తవ్విస్త. కాగితం మీద రాసిస్త."

సారవ్వ బోర్లించిన బిందెను తెలియకుండానే సరిగ్గా నిలబెట్టింది.

కాగితం అనగానే ఆగయ్య వెన్ను నిటారు అయింది. "మా బిడ్డ రాస్తది. ఏడు చదివింది. కనకా, ఇటురా!"

కనకవ్వ చెవులు వేడెక్కాయి. అందరి ముందు నేల మీద కూర్చుని, పీట మీద కాగితం పెట్టుకుని, తల వంచి రాయడం మొదలుపెట్టింది. దయాసాగర్ ఒక్కొక్కటే చెప్పాడు. పైమట్టి సంగతి రాసింది. మూడడుగుల సంగతి రాసింది. అప్పుడు తండ్రి అందుకున్నాడు. "పొలంల ఓ బాయి తవ్వియ్యాలె. గది గట్టిగ రాయి."

కలం ఆగింది. నాలుగో తరగతిలో ఆమె పలక మీద 'మా బాపు బాయిలో పని చేస్తాడు' అని రాసింది. సారు చదివి, "ఏం, మీ బాపు కప్పనా, బాయిలో ఉండడానికి?" అన్నాడు. బడి అంతా నవ్వింది. బాయి అనేది ఊరి మాట, పుస్తకంలో గని అనాలి అని పలక తుడిచి రాయించాడు. ఆ నవ్వు మూడేళ్లు ఆమె వెంట తిరిగింది. అప్పటి నుంచి ఎక్కడ రాసినా బాయిని గని అనే దిద్దుకునేది. ఇప్పుడు కూడా, పెద్దమనిషి చేతికి పోయే కాగితం కదా అని, శ్రద్ధగా దిద్దుకుంది. 'పొలములో ఒక గని తవ్వి ఇవ్వవలెను.'

రాసింది చదవమన్నారు. ఆమె తల ఎత్తకుండా కాగితాన్ని ముందుకు జరిపింది. దయాసాగర్ కాగితం తీసుకుని తానే పైకి చదివాడు. పదకొండేళ్లు రెండు మాటలనూ ఒకటిగానే వాడినవాడు. కళ్లకు గని కనబడింది, నోటికి బాయి అని వచ్చింది. సంతకం పెట్టాడు. ఆగయ్య వేలిముద్ర వేశాడు.

పోశం మాత్రం వేలు ముడుచుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేను ఒగలతోని చదివిచ్చి చూస్త."

"చూపియ్యి అన్నా, తప్పు లేదు. కాని ఆదివారం దాంకనే. వానలు వడకముందే తవ్వుడు మొదలువెట్టాలె. మీరు కాదంటె ఇంకో ఊరు చూసుకుంట." దయాసాగర్ సైకిలు ఎక్కి పోయాడు.

ఆ నాలుగు రోజులూ చెలిమ దారిలో సారవ్వ బాయి గురించే మాట్లాడింది. నడుం నొప్పి ఊసే ఎత్తలేదు.

"పొలం మూలకు ఇంటికెళ్లి ఎంత దూరం? వంద అడుగులు. పొయ్యి మీద ఎసరు పెట్టి నీళ్లకు పోవచ్చు," అంది ఒకరోజు. కొంచెం దూరం నడిచాక, "నువ్వు ఖని బడికి పో. మీ బాపుకు నేను చెప్త," అంది.

కనకవ్వ అడుగు వేగం పెంచింది. నెత్తి మీది బిందె తొణికి మెడ తడిసింది. ఆ చల్లదనానికి నవ్వు వచ్చింది.

ఆదివారం పగలు దయాసాగర్ వచ్చి మంచం మీద కూర్చున్నాడు. వెనకనే పోశం వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా కాగితాన్ని మంచం మీద విసిరాడు.

"ఇటుకలంటివి, మన్నంటివి, ఇదేందయ్యా? హోటల్ల పది మంది ముందట అంద్రెయతోని చదివిచ్చిన. బాయికాడ హాజరీ రాసే క్లర్కు, అంత చదువుకున్నోడు. గని తవ్వుడని రాసుందట! మా పొలంల బొగ్గున్నదని నీకు ముందే ఎరుక. అందుకే ఇంత తియ్యగ మాట్లాడినవ్. ప్రైవేటు మనిషి గని తవ్వితె జైలట. సంతకం నీది, వేలు మా తమ్మునిది. నువ్వు బొగ్గు దీసుకపోతవ్, ఆడు జైలుకు పోతడు!"

"గని ఏంది పోశమన్న?" దయాసాగర్ కాగితం విప్పి చూశాడు. ఒక చోట అతని వేలు ఆగిపోయింది. "అయ్యో దేవుడా. గిది నేను చదివిన. చదివి గూడ బాయే అనుకున్న."

"మస్తు చెప్తున్నవ్. గుడ్డోనివా ఏంది?"

"నిజంగనే చూడలే. రాసేకాడ ఏదో తప్పు పడ్డది."

ఆగయ్య లేచి నిలబడ్డాడు. "తప్పు మా బిడ్డ రాయది," అన్నాడు. "ఆమె చదువు గురించి సార్లే చెప్పుకుంటరు. నువ్వు చెప్పిందే రాసింది. మాకు అచ్చరాలు రావనేగా, మా బిడ్డ చేతనే మా మెడకు ఉరి రాయిచ్చినవ్? నా ఇంట్ల కూసోని ఇంత మోసమా?"

తలుపు చాటున కనకవ్వ అంతా వింది. తండ్రి తనను నమ్ముతున్న కొద్దీ బాయి దూరం పోతోంది. ఒక్క మాట చెబితే చాలు. గడప మీద సారవ్వ కూతురి వైపు చూసింది. ఆ చూపుతోనే కనకవ్వ ముందుకు కదిలింది.

"బాయంటె గని," అంది. ఎవరికీ వినబడలేదు.

"పిల్ల ఏదో అంటున్నది," అంది లింగవ్వ.

"బాయి అని రాయొద్దు, గని అని రాయాలె అని సారు చెప్పిండు. నీళ్ల బాయి అని నాకు తెలుసు. చేతికి అదే వచ్చింది. నేనే తప్పు రాసిన. ఈయన చెప్పలే."

దయాసాగర్ ముఖంలో నవ్వు లాంటిది వచ్చి పోయింది. "చూసినవా పోశమన్న. ఇంతే సంగతి. ఇంకో కాగితం రాసుకుందాం. పిల్లనేం అనకుండ్రి, చదివి సంతకం పెట్టినోన్ని నేను."

పోశం తమ్ముడి వైపు చూశాడు, దయాసాగర్ వైపు చూడలేదు. "ఇప్పుడు ఎంత మంచిగ రాసినా, పొలంల బొగ్గు దొరికింది, కాగితం మార్చిండ్రు అంటరు. ఖని దాంక పోయింది మాట. సర్కారోల్లు వచ్చి అడుగుతె ఎవడు చెప్తడు? మొన్ననే రాజానికి మాటిచ్చిన. ఆయన తవ్వుకపోతడు. కాగితం లేదు, గీగితం లేదు."

"నిలువెత్తు తవ్వుతడు అన్నా. పొలం ఉండది," అన్నాడు దయాసాగర్.

"ఇప్పుడేం పండుతున్నది?"

దానికి జవాబు చెప్పవలసింది ఆగయ్య. ఇది ఇద్దరి పొలం. అతను కాదంటే పోశం మాట సాగదు. కాని ఆగయ్య ఇప్పుడే పదిమందికి వినబడేట్టు ఒక మనిషిని మోసగాడు అన్నాడు, తన బిడ్డ తప్పు రాయదు అన్నాడు. రెండు మాటలనూ వెనక్కి తీసుకోవడానికి అతని ఒంట్లో శక్తి లేదు. వారమంతా వంగి వంగి బొగ్గు నింపిన భుజాలు ఇంకొంచెం కిందికి దిగాయి.

"అన్న ఎట్లంటె గట్లనే," అన్నాడు.

దయాసాగర్ ఇంకెవరైనా ఏమైనా అంటారేమోనని చూశాడు. తర్వాత కాగితం మడిచి మంచం మీదనే పెట్టి, సారవ్వకు దండం పెట్టి, వాకిట్లోకి పోయాడు. సైకిలు చైను ఊడితే ఎండలోనే కూర్చుని ఎక్కించుకున్నాడు. ఎవరూ సాయం పోలేదు.

సారవ్వ ఆ వేళకే బిందె చంకన పెట్టుకుంది. "పొద్దటి నీళ్లు అయిపోయినయ్," అంది. ఎవరితో అన్నదో తెలియదు. మిట్టమధ్యాహ్నం ఎండలోకి ఒక్కతే నడిచింది.

అన్నదమ్ములు లోపలి అర్రలోకి పోయి కూర్చున్నారు. రాజం ఎప్పుడు మనుషులను దింపుతాడు, మట్టి ఏ పక్క నుంచి ఎత్తుతాడు అన్న మాటలు వినబడుతున్నాయి. కనకవ్వ తన పాత నోటు పుస్తకం నడిమి కాగితం చింపింది. పీట ముందు కూర్చుంది. పైమట్టి, మూడడుగులు, ఒర, ఊరోళ్ల వంతు, అన్నీ గుర్తున్నాయి. 'పొలంలో తాగే నీళ్ల బాయి తవ్వి ఇవ్వాలె' అని, అవ్వ సారవ్వ ఎట్లా అంటుందో అట్లాగే రాసింది. దయాసాగర్ ఇంకా ఊరు దాటి ఉండడు. తండ్రి వేలు పెడితే పరుగున పోయి ఇచ్చి రావచ్చు.

సిరా ఆరకముందే లేచి అర్ర గడప దగ్గర నిలబడింది. లోపల మాటలు ఆగాయి. పోశం ముఖం తిప్పుకున్నాడు. ఆగయ్య లేచి ఆమె దగ్గరికి వచ్చాడు. కాగితం వైపు చూశాడు, అక్షరాలు రాని కళ్లతో పై నుంచి కింది దాకా.

"బాపూ, ఈసారి మంచిగ రాసిన. ఒక్క వేలు పెడితె—"

"మంచిగనే రాసుంటవ్ బిడ్డా." గొంతులో కోపం లేదు. ఏమీ లేదు. "మీ అవ్వ ఒక్కతే పోయింది. జల్ది పోయి అందుకో."

రెండు రెక్కలూ దగ్గరికి లాక్కుని, ఆమె ముఖం మీదనే తలుపు మూశాడు.